పాత కారు లైట్ల కరెంటు, 4వ పాఠం: బ్రేకు తొక్కితే ఇండికేటరు ఎందుకు వెలిగింది

పోయిన పాఠంలో మల్టీమీటరు 20 ఓల్టుల డీసీ మీద పెట్టి బ్యాటరీ రీడింగు తీయడం నేర్చుకున్నాం. బండి ఆపి కొన్ని గంటలు వదిలేశాక 12.6 దగ్గర, ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. మీ బండి అలా చూపించకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ముందు బ్యాటరీ, ఆల్టర్నేటరు (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని చార్జ్ చేసేది) సంగతి తేల్చుకోండి, లేకపోతే ఇవాళ తీసే ప్రతి అంకె మిమ్మల్ని తిప్పలు పెడుతుంది. సరిగ్గానే ఉందంటే రండి, ఈసారి ఎర్త్.

ముందు నా గోడు. మాది 2004 మోడల్ మారుతి 800. పోయిన వానాకాలం ఒకరోజు పొద్దుగూకాక దేవరకొండ నుంచి నల్లగొండ వస్తున్నాం, వెనక బైకు మీద మా బావమరిది. ఇంటికి చేరాక హెల్మెట్ తీస్తూనే అన్నాడు: "బావా, నువ్వు బ్రేకు కొట్టినప్పుడల్లా ఎడమ పక్క లైటు వెలగడం కాదు, ఆరిపోతోంది. మామూలుగా పోతున్నప్పుడు మాత్రం మంచిగనే ఉంది." నేను నమ్మలేదు. గోడకి ఆనించి వెనక్కి పెట్టి చూసుకుంటే నిజమే. పార్కింగ్ లైటు చక్కగా వెలుగుతోంది, బ్రేకు తొక్కగానే మసకబారి కొలిమిలో చల్లారిన బొగ్గులా అయిపోతోంది. దాంతో పాటు డ్యాష్‌బోర్డులో ఎడమ బాణం గుర్తు సన్నగా వెలుగుతోంది, నేను ఇండికేటరు వేయనే లేదు!

బల్బు మార్చాను, అదే తీరు. ఇంకో బల్బు, మళ్లీ అదే. ఫ్యూజులు బాగున్నాయి. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకుపోతే బానెట్ కూడా ఎత్తకుండానే "సార్, బండి పాతగైంది, వైరింగ్ మొత్తం మార్చాలె" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టను, రోజుకి పది బండ్లు చూసేవాడికి ఒక్క లైటు కోసం గంటసేపు వెతకడం గిట్టుబాటు కాదు. కానీ మనకు ఆదివారం ఉంది, గంట కాదు రెండు గంటలున్నా ఉన్నట్టే.

ఇక పాఠం. కారులో ఎర్త్ అంటే ఇంటి దగ్గర గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి పాతిపెట్టే ఎర్త్ కాదు. బ్యాటరీ మైనస్‌ను బండి బాడీకే కట్టేస్తారు, అందువల్ల ఇనుము మొత్తం ఒక పెద్ద మైనస్ వైరు అయిపోతుంది. ప్లస్ వైరు ఫ్యూజు, స్విచ్ దాటుకుని బల్బు దాకా వస్తుంది, బల్బు నుంచి చిన్న నల్ల వైరు ఒకటి (చాలా బండ్లలో నలుపే) దగ్గర్లోని బోల్టు కింద లగ్గుతో, అంటే వైరు చివర నొక్కిన లోహపు రింగుతో, బిగించి ఉంటుంది, అక్కడి నుంచి కరెంటు రేకు వెంట బ్యాటరీకి తిరిగిపోతుంది. వచ్చే దారిలో ఫ్యూజు ఉంది, స్విచ్ ఉంది, దాని మీద అందరి కన్ను ఉంటుంది. తిరిగిపోయే దారిలో ఉన్నది ఒక్క బోల్టు. ఇరవై ఏళ్ల వానకీ దుమ్ముకీ ముందు దెబ్బ తినేది అదే, చివర్న గుర్తొచ్చేదీ అదే.

ఎర్త్ తెగితే లైటు ఊరికే ఆరిపోతే బాగుండేది, ఎవరైనా పట్టేసేవారు. కానీ కరెంటు ఊరికే ఉండదు. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరి పెట్టేవాళ్లకి చెప్పక్కర్లేదు, మడిలో నీళ్లు బయటికి పోయే దారి పూడుకుపోతే మడిలోనే నిలబడవు, గట్టు ఎక్కి పక్కవాడి మడిలోకి దిగి అటునుంచి పోతాయి. ఇక్కడా అంతే. వెనక లైటు బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి, బ్రేకుకి 21 వాట్లది, పార్కింగుకి 5 వాట్లది. రెండింటికీ ఒకే ఇత్తడి టోపీ (హోల్డర్లో కూర్చునే భాగం), ఒకే ఎర్త్. ఆ డబ్బాలోనే పక్కన ఇంకో 21 వాట్ల ఇండికేటరు బల్బు, చాలా బండ్లలో దానికీ అదే నల్ల వైరు. ఆ ఒక్క వైరు ఊడితే ముగ్గురూ దిక్కులేనివాళ్లయి ఒకరి మీద ఒకరు పడతారు.

నెమ్మదిగా చదవండి, ఇది అర్థమైతే మిగతా పాఠం తేలిక. పార్కింగ్ మాత్రమే వేశారు. కరెంటు 5 వాట్ల ఫిలమెంటు దాటి టోపీ దగ్గరికొస్తుంది, ఎర్త్ లేదు, దాంతో బ్రేకు ఫిలమెంటులోంచి వెనక్కి ఎక్కి, బ్రేకు వైరు పట్టుకుని కుడి వైపు బ్రేకు బల్బుకు పోయి అక్కడి ఎర్త్‌లో దిగుతుంది. చిన్న ఫిలమెంటుకి నిరోధం ఎక్కువ, అందుకే ఓల్టేజీలో ఎక్కువ భాగం దానికే దక్కి అది మామూలుగానే వెలుగుతుంది. మీరు చూసి ఎడమ లైటు బాగుంది అనుకుంటారు. ఇప్పుడు బ్రేకు తొక్కారు. బ్రేకు వైరులోనూ 12 ఓల్టులు వచ్చేశాయి, అంటే వెనక్కి పోయే ఆ దారి మూసుకుపోయింది. మిగిలింది ఇండికేటరు ఫిలమెంటు ఒక్కటే, దాన్ని దాటి, ముందు ఎడమ ఇండికేటరు బల్బులో దిగి బాడీకి పోవాలి. మూడు 21 వాట్ల ఫిలమెంట్లు వరుసగా, 12 ఓల్టుల్ని పంచుకుంటే తలా నాలుగు. అందుకే అన్నీ మసక మసక, అందుకే డ్యాష్‌బోర్డులో బాణం గుర్తు. మా బావమరిది చెప్పింది అక్షరాలా కరెక్టు. నేనే రెండు బల్బుల డబ్బులు పారేసుకున్నాను.

ఒక లైటు వేస్తే సంబంధం లేని ఇంకోటి వెలిగినా ఆరినా, బల్బు జోలికి పోకుండా ఎర్త్ వైపు చూడండి. ఇండికేటరు ఒకవైపు గబగబా కొట్టుకోవడం కూడా ఈ కోవలోకి రావచ్చు, అయితే ఎక్కువసార్లు అది ఆ వైపు ఒక బల్బు పోయిందనే అర్థం. ఇంకో దొంగ ఉన్నాడు: రెండు ఫిలమెంట్ల బల్బు హోల్డర్లో ఎవరో ఒక ఫిలమెంటు బల్బు బలవంతంగా దూర్చడం. రెండు ఫిలమెంట్ల బల్బుకి పక్కనుండే పిన్నులు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి, తప్పుగా పట్టకూడదనే అలా చేస్తారు. అయినా దూర్చేవాళ్లు దూరుస్తారు.

ఇప్పుడు కొలుద్దాం. ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. మీటరును బీప్ మీద పెట్టి ఒక ముల్లు హోల్డరు ఎర్త్‌కి, ఇంకో ముల్లు బాడీకి తాకిస్తే 'కీ...' మని మోగింది. ఎర్త్ బాగుంది అనుకుని వారం రోజులు వేరేచోట వెతికాను. అసలు జరిగిందేమిటంటే, 21 వాట్ల ఫిలమెంటు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 7 ఓముల దాకా ఉంటుంది గానీ చల్లగా ఉన్నప్పుడు ఒక ఓము కూడా ఉండదు. మీటరు పంపే పిసరంత కరెంటు ఆ చల్లటి బల్బుల గుండా చుట్టు తిరిగి వచ్చి బీప్ కొట్టించింది! ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు కూడా అలాగే బీప్ అంటుంది, అసలు బరువు పడ్డప్పుడు మాత్రం చేతులెత్తేస్తుంది. అందుకే ఈ పాఠం మొత్తంలో గట్టిగా పట్టుకోవాల్సిన మాట ఒకటే: లైటు వెలిగించి, కరెంటు పారుతుండగా, ఓల్టులు కొలవండి.

పద్ధతి ఇది. బ్యాటరీ ముందుంటుంది, లైటు వెనకుంటుంది, మీటరు వైర్లు అంత దూరం అందవు. ఇంట్లో మిగిలిపోయిన మామూలు వైరు ఒక ఐదు మీటర్లు తీసుకుని ఒక కొస బ్యాటరీ మైనస్ గూటానికి బిగించండి, ఇంకో కొస డిక్కీ దాకా లాక్కొచ్చి మీటరు నల్ల ముల్లుకి కట్టండి. వైరు పొడుగైందని రీడింగు మారదు, మీటరు తాగే కరెంటు లేనంత తక్కువ. మీటరును మళ్లీ 20 ఓల్టుల మీదికి తిప్పడం మరిచిపోకండి. బ్రేకు పెడలుకీ సీటుకీ మధ్య ఒక కట్టె బిగించండి, లేదా ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టండి, కాకపోతే వాళ్లు రెండో నిమిషంలోనే హారన్ మొదలుపెడతారు. ఎర్ర ముల్లును బల్బు టోపీకి, అంటే హోల్డరు పక్క ఇత్తడికి తాకించండి.

మైనస్‌కీ మైనస్‌కీ మధ్య కొలుస్తున్నాం కదా, దాదాపు సున్నా రావాలి. 0.1 దాకా వస్తే నిశ్చింత. 0.2 దాటితే ఆ ఎర్త్ విప్పి శుభ్రం చేయాల్సిందే. 0.5 దాటితే లైటు మీ కంటికే తేడా తెలుస్తుంది. నా బండిలో 7.9 వచ్చింది! బ్యాటరీ 12.4 చూపిస్తోంది, అంటే బ్రేకు ఫిలమెంటుకి దక్కింది నాలుగున్నరే.

ఖాయం చేసుకోవడానికి ఇంకో చిన్న పరీక్ష. బ్యాటరీ మైనస్ నుంచి తెచ్చిన ఆ వైరునే మీటరు లేకుండా తిన్నగా బల్బు టోపీకి ఆనించండి. లైటు ఒక్కసారిగా భగ్గుమంటే కేసు తేలిపోయినట్టే. పొరపాటున బల్బు అడుగున ఉండే సీసపు చుక్కలకి మాత్రం తగలనివ్వకండి, అవి ప్లస్, ఫ్యూజు పోతుంది. పోయిన ఫ్యూజు బదులు సిగరెట్ పెట్టె వెండి కాగితం చుట్టే అలవాటు ఉన్నవాళ్లు దయచేసి ఈ పాఠాలు ఇక్కడే ఆపేయండి, మీ బండి కాలిపోతే ఆ పాపం నాకు వద్దు.

దొరికింది ఎక్కడంటే డిక్కీలో ఎడమ మూల, కార్పెట్ కింద. నల్ల వైరు వెంట వేలు పెట్టుకుంటూ పోతే 10 నంబరు పానా పట్టే బోల్టు కనిపించింది. రెండేళ్ల కింద ఎవరో వెనక మూల గుద్దితే డెంటింగ్, పెయింటింగ్ చేయించాను. పెయింటర్ ఆ రంధ్రం చుట్టూ కూడా శుభ్రంగా రంగు కొట్టి, ఆరాక లగ్గును ఆ రంగు మీదే బిగించేశాడు. కొన్నాళ్లు మరల మీదుగా ఎలాగోలా నడిచింది, తర్వాత బీడింగ్ రబ్బరు పగిలి వాన నీళ్లు దిగి, లగ్గంతా ఆకుపచ్చ చిలుము. గుద్దింది ఎవరో గానీ, రెండేళ్ల తర్వాత కూడా నా ఆదివారం తిన్నాడు.

బాగు చేసేటప్పుడు ముందు బ్యాటరీ మైనస్ విప్పండి. లగ్గు, బోల్టు, రేకు మూడింటినీ ఎమరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా గీకండి, రేకు మీద లగ్గు కూర్చునేంత మేర రంగు పూర్తిగా పోవాలి. వైరు చివర ఒక అంగుళం తొక్క ఒలిచి చూడండి, లోపల రాగి నల్లబడి ఉంటే ఎర్రగా కనిపించేదాకా కోసి కొత్త లగ్గు నొక్కండి, చేత్తో మెలిపెట్టి టేపు చుట్టొద్దు. పళ్లున్న వాషరు వేసి గట్టిగా బిగించాక, ఆ తర్వాతే పైన పెట్రోలియం జెల్లీ రాయండి. గీకిన చోట మళ్లీ తుప్పు పట్టకుండా అది కాపాడుతుంది. హోల్డరు లోపలి ఇత్తడి కూడా ఒకసారి గీకండి. బిగించి కొలిస్తే 0.06 వచ్చింది. ఖర్చు ఒక లగ్గు, ఒక ఎమరీ కాగితం.

హెడ్‌లైట్ల మీద ఇప్పుడే మొదలుపెట్టకండి. కొన్ని జపాన్ డిజైన్ బండ్లలో హెడ్‌లైటు స్విచ్చి ఎర్త్ వైపు ఉంటుంది, అంటే బల్బుకి ప్లస్ ముందే వచ్చి కూర్చుని స్విచ్చి మైనస్ కలుపుతుంది, ఈ లెక్క అక్కడ తలకిందులవుతుంది. కానీ ఎందుకు పట్టించుకోవాలో మాత్రం ఇప్పుడే చెబుతాను: బల్బుకి చేరే ఓల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు పదో వంతు తగ్గదు, దాదాపు 30 శాతం పడిపోతుంది. కల్వకుర్తి దాటి రాత్రిపూట ఎదురుగా లారీ వస్తుంటే రోడ్డు కనపడక, కళ్లు పోయాయేమో అని టెన్షన్ పడేవాళ్లలో కొందరికి కావాల్సింది కళ్లద్దాలు కాదు, హెడ్‌లైటు వైర్లు చూసే మనిషి. అలాగని వంద వాట్ల బల్బులు తెచ్చి పెట్టారో, బల్బుకి వైర్లు తగిలించే పాత కప్లర్లు కరిగిపోతాయి. దాని గురించి రిలే పాఠంలో.

వచ్చే పాఠానికి మీ పని: వెనక రెండు వైపులా బ్రేకు, పార్కింగు, ఇండికేటరు ఒక్కోటి విడివిడిగా వెలిగించి ఆరు రీడింగులు ఒక కాగితం మీద రాసి, ఆ కాగితం కారులోనే పెట్టుకోండి. ఇండికేటరు వెలిగి ఆరుతుంటుంది కాబట్టి అంకె ఊగుతుంది, వెలిగినప్పుడు వచ్చే పెద్ద అంకె రాసుకోండి. నా కాగితం మీద ఎడమ వైపు మూడూ 0.1 లోపలే ఉన్నాయి, కుడి వైపు బ్రేకు మాత్రం 0.4. అటు పక్క ఎవరూ గుద్దలేదు, రంగూ పడలేదు. 5వ పాఠంలో ఆ కుడి వైపు విప్పుదాం.