వింటర్‌బెర్రీ పొదను గుర్తుపట్టడం, పెరట్లో పెంచడం ఎలా?

డిసెంబర్‌లో న్యూజెర్సీ, మసాచుసెట్స్ వైపు కారులో వెళ్తుంటే, రోడ్డు పక్కన నీళ్లు నిలిచే పల్లాల్లో ఒక్క ఆకైనా లేని పొదలు కొమ్మల నిండా ఎర్రటి పళ్లతో కనిపిస్తాయి. చాలాసార్లు అది వింటర్‌బెర్రీయే. శాస్త్రనామం ఐలెక్స్ వెర్టిసిల్లాటా. కెనడా తూర్పు ప్రాంతాల నుంచి కిందికి అలబామా దాకా, పడమర మిన్నెసోటా దాకా దానంతటదే పెరిగే అడవి మొక్క. ముళ్ల ఆకులుండే క్రిస్మస్ హాలీకి దగ్గరి చుట్టం. కాకపోతే హాలీ ఏడాదంతా పచ్చగా ఉంటుంది, ఇది మాత్రం చలికాలానికి ఆకంతా రాల్చేస్తుంది. పళ్లు అంత కొట్టొచ్చినట్టు కనబడేది అందుకే.

అక్కడ ఇల్లు కొనుక్కుని, జనవరిలో కిటికీలోంచి చూస్తే కాస్త రంగు కనబడాలనుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి పొద లేదని నా అభిప్రాయం. అయితే జనం రెండుచోట్ల బోల్తా పడుతుంటారు. ఎర్రపళ్లున్న ఇంకేదో పొదను ఇదే అనుకోవడం ఒకటి. ఒకే ఒక్క మొక్క కొనుక్కోవడం రెండోది.

ముందు గుర్తుపట్టండి

పళ్ల రంగు చూసి నిర్ణయించకండి. అవి కొమ్మకి ఎలా అంటుకుని ఉన్నాయో చూడండి. వింటర్‌బెర్రీ పండు పావు అంగుళం ఉంటుంది, గుండ్రంగా, నున్నగా. కాడ చాలా పొట్టిది కాబట్టి కొమ్మకి అతికించినట్టే ఉంటుంది. ఆకు రాలిన చోట ఒంటరిగానో, రెండు మూడు కలిసో కొమ్మ పొడవునా వస్తాయి. ద్రాక్షగుత్తిలా వేలాడవు. పండు చిదిమితే లోపల మూడు నుంచి ఐదు దాకా గట్టి విత్తనాలుంటాయి.

వేసవిలో అయితే ఆకు చూడాలి. రెండు నుంచి నాలుగు అంగుళాల పొడవు, అంచున సన్నని రంపపు పళ్లు, పైన ఈనెలు లోపలికి నొక్కినట్టు ఉంటాయి. ముళ్లుండవు. ఆకులు కొమ్మ మీద ఎదురెదురుగా కాకుండా ఒకటి ఇటు, ఒకటి అటు వస్తాయి. ఈ ఒక్క గుర్తుతోనే సగం పొదలు పక్కకి తప్పుకుంటాయి.

పొరపాటు పడేది ఎక్కువగా వీటి దగ్గర:

జపనీస్ బార్బెర్రీ. దీనికి కొమ్మ నిండా ముళ్లు. పళ్లు కోలగా, వేలాడుతూ ఉంటాయి. కొమ్మని గోటితో గీకితే లోపల పసుపురంగు కనిపిస్తుంది. ఇది అడవుల్లోకి పాకి స్థానిక మొక్కల్ని అణిచేసే రకం. న్యూయార్క్, పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాలు దీని అమ్మకాన్నే నిషేధించాయి. దీని గుబురులో తేమ నిలిచి లైమ్ జ్వరం తెచ్చే గోమార్లు ఎక్కువగా చేరతాయని కనెక్టికట్‌లో జరిగిన పరిశోధనల్లో తేలింది. పిల్లలు ఆడుకునే పెరట్లో ఇది కనిపిస్తే నేనైతే ఆలోచించకుండా పీకించేస్తాను.

ఆమూర్ హనీసకుల్. ఆకులు ఎదురెదురుగా, పళ్లు జంటలు జంటలుగా ఉంటాయి. ముదురు కొమ్మ విరిస్తే మధ్యలో బోలు. ఇదీ దురాక్రమణ మొక్కే.

బర్నింగ్ బుష్‌కి కొమ్మల వెంట బెండు రెక్కల్లాంటివి నిలబడి ఉంటాయి, చూడగానే తెలిసిపోతుంది. రెడ్ చోక్‌బెర్రీ మంచి మొక్క, స్థానికం కూడా. దాని పళ్లు గుత్తులుగా, చిన్న కాడలతో వస్తాయి. పండు అడుగున బుల్లి ఆపిల్‌కి ఉన్నట్టు ఎండిన పువ్వు గుర్తు ఉంటుంది. దాన్ని తెలియక వేసుకున్నా నష్టం లేదు.

జంట చూసి కొనండి

మన తాడిచెట్లలో పోతుతాడి, పెంటితాడి ఉన్నట్టే దీంట్లోనూ ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. పళ్లు ఆడమొక్కకే. దగ్గర్లో మగమొక్క పూస్తే, తేనెటీగలు పుప్పొడి మోస్తేనే అవి నిలుస్తాయి. నర్సరీలో నవంబర్‌లో పళ్లతో కళకళలాడే మొక్క ఒకటి కొనుక్కొచ్చి నాటితే, ఆ పళ్లు అక్కడ ఏ మగమొక్క పుణ్యానో కాసినవి. మీ పెరట్లో వచ్చే ఏడాది ఆకులు తప్ప ఏమీ ఉండకపోవచ్చు. పక్కింట్లోనో, వెనక చిత్తడిలోనో మగమొక్క ఉంటే అదృష్టం. దాన్ని నమ్ముకోకండి.

ఇంకో మెలిక ఉంది. మగమొక్క ఉంటే చాలదు, రెండూ ఒకేసారి పూయాలి. ముందు పూసే రకాలు కొన్ని, ఆలస్యంగా పూసేవి కొన్ని. జంటలు ఇలా గుర్తుంచుకోండి. రెడ్ స్ప్రైట్ మూడు నాలుగు అడుగులకు మించి పెద్దగా పెరగని ఆడ రకం, ముందే పూస్తుంది. దానికి మగజోడు జిమ్ డాండీ. వింటర్ రెడ్ ఎనిమిది తొమ్మిది అడుగులు లేస్తుంది, పళ్లు విపరీతంగా కాస్తుంది, పూత ఆలస్యం. దానికి సదరన్ జెంటిల్‌మన్. స్పార్కిల్‌బెర్రీ అమెరికా నేషనల్ ఆర్బోరీటం (ప్రభుత్వ వృక్షోద్యానం) నుంచి వచ్చిన సంకరం, దాని జోడు అపోలో. చిన్న పెరడైతే రెడ్ స్ప్రైట్ మూడు, జిమ్ డాండీ ఒకటి చాలు. ఐదారు ఆడమొక్కలకి ఒక మగమొక్క నిక్షేపంగా సరిపోతుంది. అది పక్కపక్కనే ఉండనక్కర్లేదు, యాభై అడుగుల లోపు ఏ మూలనో పెట్టేయొచ్చు.

నర్సరీ చీటీ మీద రకం పేరు లేకుండా వింటర్‌బెర్రీ అని మాత్రమే ఉంటే అది విత్తనం మొక్క కావచ్చు, ఆడో మగో తెలియదు. జూన్‌లో పూత మీద ఉన్నప్పుడు వెళ్తే మీరే తేల్చుకోవచ్చు. పూలు ఆకు మొదట్లో తెల్లగా, చాలా చిన్నగా ఉంటాయి. ఆడపువ్వు మధ్యలో ఆకుపచ్చటి పిందె ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. మగపువ్వులో అది ఉండదు, పుప్పొడి కేసరాలే ఉంటాయి.

చోటు, నేల

ఎండ ఆరు గంటలైనా పడాలి. నీడలో బతుకుతుంది గానీ పళ్లు తగ్గిపోతాయి. చలి గురించి బెంగ అక్కర్లేదు, అమెరికా వ్యవసాయ శాఖ చలి తీవ్రతను బట్టి విభజించిన మండలాల్లో 3 నుంచి 9 వరకు పెరుగుతుంది. వాన పడితే నీళ్లు నిలిచి, ఏం వేసినా కుళ్లిపోతోందని మీరు వదిలేసిన మూల ఉంటే, దీనికి సరిగ్గా అదే కావాలి.

నేల మాత్రం ఆమ్లగుణంతో ఉండాలి. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 4.5 నుంచి 6.5 మధ్య మంచిది. అది దాటితే కొత్త ఆకులు పసుపురంగుకి తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. నేలలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేకపోవడం వల్ల వచ్చే తెగులిది. రైతులకీ, తోటలవాళ్లకీ సలహాలిచ్చే మీ రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఎక్స్‌టెన్షన్ ఆఫీసు ద్వారా తక్కువ ఖర్చుతో మట్టి పరీక్ష చేయించుకోవచ్చు. పీహెచ్ కాస్త ఎక్కువుంటే గంధకం పొడి కలపండి, అది పనిచేయడానికి నెలలు పడుతుంది. ఇంటి పునాదికి ఆనించి నాటకండి. కాంక్రీటులోని సున్నం దిగి అక్కడి మట్టి క్షారంగా మారుతుంది. కట్టెల బూడిద వేసే అలవాటుంటే దీని దగ్గర మానుకోండి.

నాటే పద్ధతి

వసంతంలో గానీ, ఆకురాలు కాలం మొదట్లో గానీ నాటండి. తవ్వడానికి కొన్ని రోజుల ముందు 811కి ఫోన్ చేయాలి. డబ్బులేమీ తీసుకోరు. నేల కింద గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టి వెళ్తారు. మీ కాలనీకి సంఘం ఉంటే మొక్కల మీద వాళ్ల నియమాలూ ఓసారి చూసుకోండి.

గుంత కుండీ మట్టిగడ్డంత లోతు, దానికి రెండింతల వెడల్పు. అంతకన్నా లోతు వద్దు, మొక్క కిందికి దిగిపోతుంది. కుండీలో వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే చేత్తో విడదీయండి, రాకపోతే కత్తితో పక్కల నిలువుగా గాట్లు పెట్టండి. మొక్క మొదలు నేలమట్టానికి ఉండేలా నిలిపి, తవ్విన మట్టే తిరిగి పోసి, నిండా నీళ్లు పెట్టండి. పైన రెండు మూడు అంగుళాల మందాన పైన్ బెరడు ముక్కలు పరవండి, మొదలుకి మాత్రం తగలనివ్వకండి. పెద్ద రకాలకి మొక్కకీ మొక్కకీ మధ్య ఆరడుగులు వదలాలి. ఇది పిలకలు వేస్తూ గుబురుగా పాకుతుంది.

మొదటి రెండేళ్లు నీళ్లే ముఖ్యం. వాన లేని వారంలో అంగుళం వాన పడినంత నీళ్లు పెట్టండి. పూత, పిందె సమయంలో నేల ఎండితే పిందెలు రాలిపోతాయి. ఎరువు పెద్దగా అక్కర్లేదు. పూత మీద ఉన్నప్పుడు పురుగుమందు కొట్టకండి, తేనెటీగలు పోతే పళ్లూ పోతాయి. చలికాలంలో కుందేళ్లు లేత కాండం బెరడు కొరుకుతాయి కాబట్టి మొదలు చుట్టూ తీగ వల కట్టండి. జింకలు తిరిగే చోటైతే లేత మొక్కకి ఇంకాస్త ఎత్తు కంచె కావాలి.

కత్తిరింపు చలికాలం చివర్లో, చిగురు వేయకముందు. బాగా ముదిరిన కాండాలు కొన్నిటిని నేలకంటా కోసేస్తే కొత్తవి లేస్తాయి. డిసెంబర్‌లో పూలజాడీ కోసం నాలుగు కొమ్మలు కోసుకున్నా వచ్చే ఏటి పళ్లకి పెద్ద లోటుండదు. అడవి నుంచి, ప్రభుత్వ పార్కుల నుంచి మాత్రం కోయకండి.

పళ్లు తినేవి కావు

ఈ మాట పిల్లలకి, మన ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లకి ముందే చెప్పండి. పళ్లు తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. కుక్కలకీ, పిల్లులకీ అంతే. పిల్లలు నోట్లో పెట్టుకుంటే 1-800-222-1222కి ఫోన్ చేయొచ్చు, అది అమెరికా అంతటికీ విషప్రమాదాల సలహా నంబరు. రాబిన్లు, సీడర్ వాక్స్‌వింగ్‌లు, బ్లూబర్డ్‌లు లాంటి పక్షులు మాత్రం శుభ్రంగా తింటాయి. తరచూ వేరే పళ్లన్నీ అయ్యేదాకా వీటి జోలికి రావు. వాక్స్‌వింగ్‌ల గుంపు దిగిందంటే ఒక్క పూటలో పొద ఖాళీ. అలంకారం పోయిందని బాధపడేవాళ్లున్నారు గానీ, ఆ పూట కోసమే నాటుకున్నా తప్పులేదు.

కొత్త మొక్కలు చేసుకోవాలంటే జూన్, జూలైలో లేత కొమ్మ నాలుగైదు అంగుళాలు కోసి, వేళ్లు పుట్టించే హార్మోన్ పొడి అద్ది తేమగా ఉండే ఇసుకలో గుచ్చండి. తల్లి ఆడదైతే పిల్లా ఆడదే అవుతుంది. విత్తనంతో ఆ భరోసా లేదు, పైగా మొలవడానికి ఏడాదిన్నర, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ విత్తనాలు విజయవాడకో, వరంగల్‌కో తీసుకెళ్లే ఆలోచన పెట్టుకోకండి. అనుమతి లేకుండా విత్తనాలు ఇండియాలోకి తీసుకురాకూడదు, తెచ్చినా చలి తగలని మైదానంలో ఈ పొద నిలవదు.