జెల్ కార్డులు లేకుండా ఆర్‌హెచ్, కెల్ టైపింగ్

మా బ్లడ్ బ్యాంకుకి తలసేమియా పిల్లలు రెండు మూడు వారాలకోసారి వస్తారు. ఏబీఓ, డి (గ్రూపు పాజిటివా నెగటివా తేల్చేది) కలిస్తే చాలని ఎక్కిస్తూ పోతే కొందరిలో మిగతా యాంటీజెన్లకి (ఎర్రకణాల మీదుండే గుర్తులు) యాంటీబాడీలు తయారవుతాయి. ఇక వాళ్లకి సరిపడే బ్యాగ్ దొరకడం గగనమే. అందుకే ఆర్‌హెచ్‌లో బిగ్ సి, స్మాల్ సి, బిగ్ ఇ, స్మాల్ ఇ, కెల్‌లో కె, ఈ ఐదూ ముందే చూసిపెడతాను. పిల్లలకైతే మొదటి బ్యాగ్ ఎక్కించకముందే చూడాలి. తర్వాతైతే దాత కణాలు కలిసిపోయి ఫలితం నమ్మలేం.

దాతలందరికీ చేయక్కర్లేదు. పదేపదే ఇచ్చే ఓ, బి గ్రూపు వాళ్లతో మొదలుపెట్టండి.

జెల్ కార్డుల (జెల్ నింపి వచ్చే రెడీమేడ్ టెస్టు కార్డులు) ఖరీదు భరించలేకపోతే 96 గుంటల యు-బాటమ్ ప్లేట్ తీసుకోండి. బ్యాగ్ సెగ్మెంట్‌లోని (బ్యాగ్‌కి ఉండే ట్యూబ్ ముక్క) కణాలను సెలైన్‌తో కడిగి, 2 మి.లీ. సెలైన్‌లో ఒక చుక్క కలపండి. ఒక్కో గుంటలో 25 మైక్రోలీటర్ల యాంటీసెరా (ఒక్కో యాంటీజెన్‌ని పట్టే యాంటీబాడీ ద్రవం), అంతే కణాలు. ట్యూబ్‌లో పోసే చుక్కలో ఇది సుమారు సగమే, ఆదా అంతా అక్కడే. ఇంకా ఆదా చేద్దామని యాంటీసెరాని సొంతంగా పలచన చేయకండి. కణాలను నేరుగా గుంపుకట్టించే ఐజీఎం మోనోక్లోనల్ రకమే కొనండి, కూంబ్స్ (నేరుగా గుంపుకట్టించని యాంటీబాడీలని బయటపెట్టే అదనపు దశ) పని తప్పుతుంది. ఎంతసేపు ఉంచాలో, ఎంత స్పీడులో తిప్పాలో కిట్ కాగితం చూసి చేయండి.

పన్నెండు నిలువు వరసల్లో ఎనిమిది దాతలకి, నాలుగు కంట్రోళ్లకి, అంటే రకం ముందే తెలిసిన కణాలకి. అడ్డ వరసకో యాంటీసెరా. ఆర్1ఆర్2 అనే ఆర్‌హెచ్ రకం కణాల్లో సి, ఇ రెండు రకాలూ ఒక్కో మోతాదులోనే ఉంటాయి కాబట్టి బలహీనమైన యాంటీసెరా అక్కడే దొరికిపోతుంది. ఆర్1ఆర్1లో స్మాల్ సి, బిగ్ ఇ ఉండవు. ఆర్2ఆర్2లో బిగ్ సి, స్మాల్ ఇ ఉండవు. ఈ రెండూ కె నెగటివ్‌వే ఎంచుకోండి. నాలుగోది స్క్రీనింగ్ సెల్స్‌లో (యాంటీబాడీలు వెతకడానికి కొనే కణాలు) కె పాజిటివ్ అని రాసి ఉన్నది. యాంటీబాడీ లేని కంట్రోల్ రీయేజెంట్‌కి ఒక అడ్డ వరస వదలండి. అందులో కణాలు గుంపుకడితే ఆ దాత ఫలితం లెక్కలోకి రాదు, డీఏటీ (కణాలకి ముందే యాంటీబాడీ అంటుకుని ఉందా అనే పరీక్ష) చూడాలి.

తిప్పాక ప్లేట్‌ని బాగా ఏటవాలుగా పట్టుకోండి. నెగటివ్ గుంటలో కణాలు కన్నీటిచారలా కిందికి జారతాయి. పాజిటివ్‌లో అడుగునే అతుక్కుని కదలవు. జారీ జారనట్టున్నదాన్ని ట్యూబ్‌లో మళ్లీ చేయండి. మన దాతల్లో కె పాజిటివ్ అరుదు. ఒకే ప్లేట్‌లో రెండు మూడు కనిపిస్తే ముందు నేను పిపెట్‌నే అనుమానిస్తాను.

ప్లేట్లు కడిగి మళ్లీ వాడే అలవాటు నాకు నచ్చదు. ఫలితం రిజిస్టర్‌లో రాసుకోండి. అదే దాత మరోసారి ఇచ్చినప్పుడు తిరిగి చూసి, రెండూ కలిశాకే టైపింగ్ అయిన దాతల జాబితాలో చేర్చండి. బ్యాగ్ ఇచ్చేముందు క్రాస్‌మ్యాచ్ (దాత కణాలు, రోగి సీరం కలిపి చూడటం) మాత్రం ఎప్పటిలాగే కూంబ్స్ దశదాకా చేయాల్సిందే.