ఎంఎంటీఎస్‌ను నమ్ముకుని వేళకు ఆఫీసు చేరడం ఎలా?

హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ (నగర లోకల్ రైలు) ప్రయాణికులకు విసుగు పుట్టడానికి ఒక ముఖ్య కారణం, దానిని మెట్రోతో సమానంగా చూసి, స్టేషన్‌కు వెళ్లి నిలబడితే ఏదో ఒక రైలు వస్తుందిలే అనుకోవడం. మెట్రోకు తన పట్టాలు తనకే ఉన్నాయి. 2003 ఆగస్టులో దక్షిణ మధ్య రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం కలిసి మొదలుపెట్టిన ఎంఎంటీఎస్ మాత్రం అప్పటికే ఉన్న రైలు మార్గాలపైనే నడుస్తోంది కనుక, ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికో, సికింద్రాబాద్‌లో ప్లాట్‌ఫారం ఖాళీ కాకపోవడం వల్లనో మన బండి ఔటర్‌లో (స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర) ఆగిపోతూ ఉంటుంది. కాబట్టి దీనిని టైంటేబుల్ ప్రకారం ఎక్కవలసిన రైలుగానే చూడాలి.

మొదట మీ వేళకు సరిపోయే బండి నంబరును, దానికి ముందు వచ్చే బండి నంబరును రాసి పెట్టుకోండి. 47తో మొదలయ్యే ఈ అయిదంకెల నంబరు తెలిస్తే రైళ్ల రాకపోకలు చూపే రైల్వే వారి ఎన్‌టీఈఎస్ యాప్‌లో బండి ఎక్కడుందో ఇంటి నుంచే చూడవచ్చు. అయితే మీరు లింగంపల్లి వంటి చివరి స్టేషన్‌లో ఎక్కేవారైతే, బయలుదేరని బండి గురించి యాప్ చెప్పేది తక్కువ. అటు నుంచి వచ్చిన బండే తరచుగా తిరిగి ఇటు బయలుదేరుతుంది కనుక, మీ బండికి ముందు లింగంపల్లి చేరవలసిన బండిని గమనించండి. అది ఇంకా బేగంపేట కూడా దాటకపోతే మీ బండి ఆలస్యమయ్యే అవకాశమే ఎక్కువ. ఏ బండి ఏ బండిగా తిరుగుతుందో వారం రోజులు గమనిస్తే మీకే తెలిసిపోతుంది. రోజూ వెళ్లేవారిని అడిగితే ఇంకా త్వరగా తెలుస్తుంది.

దారిలో ఎక్కడ దిగి మెట్రో అందుకోవచ్చో కూడా ముందే అనుకోవాలి. భరత్‌నగర్, బేగంపేట, ఖైరతాబాద్, లక్డీకాపూల్, మలక్‌పేటలలో ఆ వీలుంది, టికెట్ మాత్రం వేరుగా కొనాలి. హైటెక్ సిటీని నమ్ముకోకండి: పేరు ఒకటే అయినా ఎంఎంటీఎస్ స్టేషన్, మెట్రో స్టేషన్ పక్కపక్కన లేవు, మధ్యలో ఆటో తప్పదు. రోజూ తిరిగేవారు నెలవారీ సీజన్ టికెట్ తీసుకుంటే కౌంటరు దగ్గర నిలబడే బాధ తప్పుతుంది.

2023 ఏప్రిల్ 8 నుంచి సర్వీసులు మేడ్చల్, ఉందానగర్ వరకూ పెరిగాయి. ఆ వైపు ఇల్లు చూసుకునేవారు స్టేషన్ ఎంత దూరమన్నది కాక, ఉదయం ఎన్ని బండ్లున్నాయి, రాత్రి చివరి బండి ఎన్ని గంటలకు అన్నది చూడాలి. (ఇళ్లు అమ్మేవారి ప్రకటనలలో ఈ బండ్ల లెక్క ఉండదు.) ఆదివారాలలోనూ, ట్రాక్ పనుల వేళా రద్దు ప్రకటనలు వస్తుంటాయి కనుక ముందు రోజే చూసుకోవడం మంచిది.

ఇక ఫిర్యాదు సంగతి. ఆ రోజు ఆలస్యానికి రైల్వే హెల్ప్‌లైన్ 139కి గాని, రైల్వే వారి ఫిర్యాదుల యాప్ రైల్ మదద్‌కు గాని చెప్పవచ్చు, కానీ బండ్లు పెంచాలన్న కోరిక అక్కడ తేలదు. దానికి తేదీ, బండి నంబరు, రావలసిన సమయం, వచ్చిన సమయం ఒక నెల పాటు రాసి, ఆ పట్టికతో డివిజనల్ రైల్వే మేనేజరుకు వినతిపత్రం ఇవ్వాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో, ఫలానా నంబరు బండి గత మూడు నెలల్లో ఎన్ని రోజులు రద్దయింది, ఎన్ని రోజులు ఆలస్యమైంది అని అడగండి. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. దరఖాస్తులో «ఎందుకు నడపడం లేదు» అని నిలదీయకండి, రికార్డులో ఉండే లెక్కనే అడగండి.