విని వాయించడం – 7వ పాఠం: స, పై స, ప్రతి మధ్యమం

పోయిన పాఠంలో పాట నడకను చేత్తో లెక్కపెట్టడం నేర్చుకున్నాం. ఈసారి ఒక పూర్తి ఆల్బమ్ ముందు పెట్టుకుని కూర్చుందాం. అది బ్రిటిష్ రాక్ బ్యాండ్ బ్లాక్ సబాత్ మొదటి ఆల్బమ్. బ్యాండ్ పేరే ఆల్బమ్‌కీ పెట్టారు, అందులో మొదటి పాటకీ అదే పేరు. 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం పూట, బ్రిటన్‌లో విడుదలైంది. ఇందులో మీకు ఏ పాట ఇష్టమని అభిమానులను అడిగితే ఎక్కువగా మూడు పేర్లు వినిపిస్తాయి. ఒకటి ఆ మొదటి పాట, రెండోది ‘ఎన్.ఐ.బి.’, మూడోది ‘ది విజార్డ్’. మన అభ్యాసం ఈ మూడింటి మీదే. సగానికి పైగా సమయం మొదటి పాటకే పడుతుంది. తొందరపడకండి, చెవికి అంత పని పెట్టే పాట అది.

గిటార్ ఉంటే మంచిది. లేకపోతే కీబోర్డు, హార్మోనియం ఏదైనా సరే.

ముందు పాటను ఏమీ వాయించకుండా ఒకసారి వినండి. వాన చప్పుడు, ఉరుము, దూరంగా గంట. ఆ తర్వాత ఒక్కసారిగా గిటార్, బేస్ (కింది స్వరాలు పలికే గిటార్), డ్రమ్స్ కలిసి పడతాయి. అక్కడ వినిపించే స్వరాల ముక్కనే రిఫ్ అంటారు. మన పాటల్లో పల్లవి తిరిగొచ్చినట్టు రాక్ పాటలో రిఫ్ తిరిగొస్తుంది. తేడా ఏమిటంటే దానికి మాటలతో పని లేదు. ఈ పాట రిఫ్‌లో ఉన్నవి మూడు అడుగులు మాత్రమే. ఒక స్వరం, అదే స్వరం పై స్థాయిలో, ఆ తర్వాత కిందికి దిగి మధ్యలో ఎక్కడో ఆగే ఇంకో స్వరం.

ఆ మూడో స్వరం దగ్గరే ఆగండి. పాట ఆపేసి, ఆ స్వరాన్ని నోటితో పట్టుకోండి. పాడలేకపోయినా ఫర్వాలేదు, ‘ఊఁ’ అని ముక్కుతో లాగినా చాలు. నోట్లోకి రాని స్వరం వేళ్లలోకి రాదు. నేను ఇంతవరకు నేర్చుకున్న ప్రతి పాటలోనూ ఇదే జరిగింది.

ఇప్పుడు వాయిద్యం తీసుకోండి. పాట ఐదు శ్రుతిలో ఉంది, అంటే పాశ్చాత్యుల లెక్కలో జి. ఆ మెట్టును స అనుకుందాం. రెండో స్వరం పై స. మూడోదాని కోసం కింది స నుంచి తెల్ల మెట్లూ నల్ల మెట్లూ కలిపి ఒక్కొక్కటే పైకి లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆరో మెట్టు మీద ఆగితే ఒకటిన్నర శ్రుతి మెట్టు, సి షార్ప్, వస్తుంది. సంగీతం నేర్చుకున్న వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది, అది ప్రతి మధ్యమం, అంటే రెండు రకాల ‘మ’లో పైది. అక్కడి నుంచి పై స వరకు లెక్కపెట్టినా మళ్లీ ఆరే. అంటే అది స్థాయికి సరిగ్గా నడిమధ్యన నిలబడిన స్వరం. కింది స ఇటు లాగుతుంది, పై స అటు లాగుతుంది, అది ఏ వైపూ ఒరగదు. పాట వింటుంటే గుండెల్లో ఏదో టెన్షన్ మొదలవడానికి కారణం ఈ ఆరు మెట్ల దూరమే. యూరప్ సంగీత శాస్త్రంలో ఈ దూరానికి ‘సంగీతంలో సాతాను’ అనే అర్థం వచ్చే లాటిన్ పేరు కూడా ఉంది.

గిటార్ వాళ్లకు ఒక సులువైన దారి ఉంది. అన్నిటికన్నా లావు తీగ మీద మూడో ఫ్రెట్, సన్న తీగ వైపు నుంచి లెక్కపెడితే నాలుగో తీగ మీద ఐదో ఫ్రెట్, ఐదో తీగ మీద నాలుగో ఫ్రెట్. ఇదే వరుసలో వాయించండి. ఈ ఆల్బమ్‌లో తీగలు మామూలు ట్యూనింగ్‌లోనే ఉన్నాయి కాబట్టి రికార్డుతో కలిపి వాయించినా సరిగ్గా సరిపోతుంది.

నేను దీన్ని ఇంట్లో హార్మోనియం మీద మొదలుపెట్టాను. మూడు రోజులు వాయించినా ఆ భయం రావడం లేదు. ఏదో భజన పాట మొదలైనట్టు సాదాగా వినిపిస్తోంది. వంటింట్లో పప్పు తాలింపు వేస్తున్న అమ్మ గరిటె పక్కన పెట్టి గుమ్మం దాకా వచ్చింది. “ఒరేయ్, నువ్వు శుద్ధ మధ్యమం మీద ఆగుతున్నావురా. ఇంకో మెట్టు పైకెళ్లు” అంది. ఒక్క మెట్టు జరిపాను. గది మారిపోయినట్టు అనిపించింది. మీరూ ఆ తేడా చేసి చూడండి. ముందు ఐదో మెట్టు మీద ఆగండి, తర్వాత ఆరో మెట్టు మీద. పదిసార్లు మార్చి మార్చి వాయిస్తే చెవికి ఆ తేడా ఇక మరుపురాదు.

అయితే ప్రతి మధ్యమం అంటేనే భయం అనుకోకండి. కల్యాణి రాగంలో ఉన్నది ఇదే స్వరం, అక్కడ అది వెన్నెల కురిపిస్తుంది. కల్యాణిలో దానికి పక్కన గాంధారం, పంచమం తోడుంటాయి, పలకరిస్తూ దగ్గరికి తీసుకెళ్తాయి. ఇక్కడ తోడు ఎవరూ లేరు. పై స నుంచి ఒక్క దూకులో వచ్చి ఒంటరిగా నిలబడాలి. స్వరం ఒకటే అయినా, దాన్ని చేరుకునే దారిని బట్టి మనసుకు తగిలేది మారిపోతుంది. ఈ పాఠంలో మీ చెవి పట్టుకోవాల్సింది ఇదే.

ఇక నడక. మొదటి రెండు స్వరాలకన్నా మూడోదాన్ని చాలాసేపు ఆపాలి. నేర్చుకునే వాళ్లంతా ఇక్కడే తొందరపడతారు. చేత్తో లెక్కపెడుతూ, ఆ స్వరం తనంతట తాను సన్నబడేదాకా తర్వాతి దానికి వెళ్లకండి. గొంతు మొదలయ్యాక రిఫ్ అదే, కానీ మెల్లగా వినిపిస్తుంది. మూడో స్వరం ప్రతి మధ్యమానికీ పంచమానికీ మధ్య వణుకుతుంది. దాన్ని మన గమకం (స్వరాన్ని ఊపి పలకడం) అనలేం. అయినా గమకం అలవాటున్న చెవికి ఆ వణుకు చప్పున దొరుకుతుంది. ఆ ఖాళీల్లో బిల్ వార్డ్ డ్రమ్స్ మీద దొర్లించే దెబ్బలను కూడా విడిగా ఒకసారి వినండి. ఆఖరి భాగంలో పాట ఒక్కసారిగా పరుగు అందుకుంటుంది. ఆ భాగాన్ని ఈ వారం వినడం వరకే, వాయించొద్దు.

ఈ రిఫ్ పుట్టుక గురించి కూడా చెప్పాలి. బేస్ వాయించే గీజర్ బట్లర్‌కు ఇంగ్లిష్ స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ గ్రహాల మీద రాసిన సంగీతమంటే ఇష్టం. అందులోని అంగారకుడి భాగాన్ని ఆయన బేస్ మీద వాయిస్తుంటే, ఆ ఛాయలో టోనీ అయోమీ గిటార్ మీద ఈ మూడు స్వరాలు కట్టాడు. అయోమీ ఎడమచేతి వాటం వాడు. పదిహేడేళ్ల వయసులో బర్మింగ్‌హామ్‌లోని ఒక రేకుల ఫ్యాక్టరీలో, పనికి ఆఖరి రోజున, కుడిచేతి మధ్య వేలు, ఉంగరపు వేలు కొసలు యంత్రంలో తెగిపోయాయి. అతను తీగలు నొక్కేది ఆ చేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటికి తోలు అతికించాడు, సన్నటి తీగలు వేసుకున్నాడు. మీ వేళ్లు చిన్నవనో, బిగుసుకుపోతున్నాయనో అనిపించినప్పుడు ఆ తొడుగులు గుర్తు తెచ్చుకోండి. తక్కువ స్వరాలు, ఎక్కువ బరువు అనే దారి ఎంచుకోవడంలో ఆ గాయానికీ వంతు ఉందని నేను నమ్ముతాను.

‘ఎన్.ఐ.బి.’కి వద్దాం. ఇది బేస్ పాట. మొదట బట్లర్ ఒక్కడే వా పెడల్ తొక్కుతూ వాయిస్తాడు, తీగ మాట్లాడుతున్నట్టు ‘వా… వా…’ అని తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. తర్వాత అసలు రిఫ్‌ను బేస్, గిటార్ రెండూ ఒకే స్వరాలతో కలిసి వాయిస్తాయి. ఫోన్ స్పీకర్‌లో వింటే బేస్ సగం పోతుంది కాబట్టి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదటిసారి బేస్‌ను మాత్రమే వెంబడించండి, గిటార్ చెవిన పడినా పట్టించుకోవద్దు. రెండోసారి గిటార్‌ను. మూడోసారికి రెండూ ఒకే గొంతుగా వినిపిస్తే మీ చెవి దారిలో పడినట్టే. పాటలో మాట్లాడేది ప్రేమలో పడిన లూసిఫర్, అంటే సాతాను. పేరు వెనక మాత్రం పెద్ద రహస్యమేమీ లేదు. వార్డ్ గడ్డం పెన్ను పాళీలా ఉందని స్నేహితులు పెట్టిన ముద్దు పేరు నుంచి వచ్చింది. 2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్‌లో బ్యాండ్‌లోని ఆ నలుగురూ చివరిసారి కలిసి వాయించినవి నాలుగే పాటలు. మొదటి ఆల్బమ్ నుంచి అందులో చోటు దక్కింది ‘ఎన్.ఐ.బి.’ ఒక్కదానికే. పదిహేడు రోజులకు బ్యాండ్ గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ కన్నుమూశాడు. ఆ తర్వాత ఈ పాట వినడం నాకు అంత తేలిక కాలేదు.

‘ది విజార్డ్’లో ఓజీ మౌత్ ఆర్గాన్ వాయించాడు. పాట మొదలయ్యేది దానితోనే. ఇక్కడ మీ పని చిన్నది. రిఫ్‌కూ రిఫ్‌కూ మధ్య ఖాళీ వచ్చినప్పుడల్లా తొడ మీద చేత్తో తడుతూ, వార్డ్ ఆ ఖాళీని ఎలా నింపుతున్నాడో గమనించండి. అతను జాజ్ డ్రమ్మర్లను వింటూ పెరిగినవాడు, ఆ ఊగు ఈ పాటలో బాగా తెలుస్తుంది.

ఆల్బమ్ రికార్డింగ్ 1969 అక్టోబరులో, లండన్‌లో, ఒక్క రోజులో అయిపోయింది. స్టేజీ మీద వాయించినట్టు అందరూ కలిసి వాయించిందే దాదాపు అంతా. అందుకే అక్కడక్కడా అంచులు గరుకుగా ఉంటాయి. అలాంటి చోట్లు దొరికితే నోట్‌బుక్‌లో సమయం రాసి పెట్టుకోండి, వచ్చే పాఠంలో వాటితో పని ఉంది.

ఈ వారం అభ్యాసం ఇదీ. రోజుకు పదిహేను నిమిషాలు మొదటి పాట రిఫ్ మాత్రమే. మొదటి మూడు రోజులు ఐదు శ్రుతిలో, రికార్డుతో కలిపి. నాలుగో రోజు నుంచి రికార్డు ఆపేసి, మీ గొంతుకు హాయిగా ఉండే శ్రుతిలో ఏ మెట్టునైనా స అనుకుని, ఆరు లెక్కపెట్టి మూడో స్వరం మీరే వెతుక్కోండి. ఏడో రోజు లెక్కపెట్టకుండా ప్రయత్నించండి. చెయ్యి నేరుగా ప్రతి మధ్యమం మీద పడిందో లేదో ఇంట్లో సంగీతం తెలిసిన వాళ్లెవరైనా ఉంటే అడగండి.