పాత కారుతో ఘాట్ రోడ్డు: మెకానిక్‌కి ముందే చూపించాల్సినవి

మాది ఒడిశాలోని కోరాపుట్, కారు 2006 మోడల్ పెట్రోల్ బండి, దాంతోనే సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్తుంటాం, అందుకే ముందు బ్రేకుల గురించి చెప్తాను. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, అలా పాతబడ్డ ఆయిల్ దిగుడులో వేడెక్కి మరిగిపోతే లోపల ఆవిరి బుడగలు వచ్చి పెడల్ మెత్తగా కిందకి పోతుంది, ప్రాణం మీదకొస్తుంది అండీ. రెండేళ్లకోసారి మార్పించండి, బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 అనుందో డాట్ 4 అనుందో (అది ఆయిల్ రకం) చూసి అదే పోయించండి. దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో రండి, న్యూట్రల్ మాత్రం వద్దు.

కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) బదులు బోరు నీళ్లు పోస్తే రేడియేటర్‌లో తుప్పు, గార పడతాయి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత అస్సలు తియ్యొద్దు.

మెకానిక్‌ని మాటిమాటికీ మార్చకండి. మా మేస్త్రి తెలుగూ ఒడియా కలిపి మాట్లాడతాడు, బండి శబ్దం విని చెప్పేస్తాడు, తీసిన పాత పార్ట్ చేతికిచ్చి చూపిస్తాడు, నాకు నమ్మకం అక్కడే కుదిరింది. ఏం మార్చారో, ఎన్ని కిలోమీటర్లప్పుడో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. పార్ట్ ఇక్కడ దొరక్కపోతే విజయనగరం నుంచో వైజాగ్ నుంచో తెప్పించుకోడానికి రెండ్రోజులు ఆగండి, ఏదో ఒకటి బిగించెయ్యమని తొందరపెట్టకండి.

15 ఏళ్లు దాటాక ఆర్సీ రెన్యువల్ ఐదేళ్లకోసారి, దానికి ఫిట్‌నెస్ చూస్తారు, కాబట్టి లైట్లు, హారన్, పొగ ఇవన్నీ నెల ముందే మేస్త్రికి చూపించేయండి.