ఆస్టరిస్క్ సర్వర్: ఫోన్ మోగుతుంది, మాట వినబడదు

కంప్యూటర్‌ను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్ ఆస్టరిస్క్. దాన్ని ఉబుంటు లినక్స్‌లో ఎక్కించడం పెద్ద పని కాదు. ఫోన్ మోగుతుంది, ఎత్తుతారు, అవతలి మాట మాత్రం వినబడదు. తంటా అంతా అక్కడే. కాల్ కలిపే సిప్ సందేశాలు 5060 పోర్టులో (సర్వర్‌లోకి నంబరున్న దారి) వెళ్తాయి; మాట ఆర్‌టీపీ రూపంలో వేరే యూడీపీ పోర్టుల్లో నడుస్తుంది. అవి మూసుకుని ఉన్నా ఫోన్ మోగుతుంది.

కాన్ఫిగ్ ముట్టుకోకముందే రౌటర్‌లో వాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీరు సీజీనాట్ (ప్రొవైడర్ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచే ఏర్పాటు) వెనక ఉన్నట్టే. ఇంట్లో ఎన్ని పోర్టులు ఫార్వర్డ్ చేసినా లాభం లేదు. ప్రొవైడర్‌ను స్టాటిక్ ఐపీ అడగాలి, లేదంటే వీపీఎస్ (నెట్‌లో అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్) తీసుకోవాలి. వీపీఎస్ హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉంటే మేలు. సర్వర్ అమెరికాలో ఉంటే గుంటూరు నుంచి తెనాలికి మాట్లాడినా ఆ మాట సముద్రాలు దాటి రావాలి.

పీజేసిప్ (ఆస్టరిస్క్‌లో సిప్ పని చూసే భాగం) ట్రాన్స్‌పోర్ట్ సెట్టింగుల్లో ఎక్స్‌టర్నల్ మీడియా అడ్రస్, ఎక్స్‌టర్నల్ సిగ్నలింగ్ అడ్రస్ రెండింటికీ పబ్లిక్ ఐపీ ఇవ్వండి, లోకల్ నెట్‌కు మీ లోపలి నెట్‌వర్క్ ఇవ్వండి. ఇక్కడ రీలోడ్ చాలదు, ఆస్టరిస్క్‌నే రీస్టార్ట్ చేయాలి. ప్రతి ఎండ్‌పాయింట్‌లో, అంటే ఒక్కో ఫోన్ సెట్టింగుల్లో, ఆర్‌టీపీ సిమెట్రిక్, ఫోర్స్ ఆర్‌పోర్ట్, రీరైట్ కాంటాక్ట్ 'ఎస్' (yes). డైరెక్ట్ మీడియా 'నో'. ఇద్దరి మధ్య కాల్‌కు నాలుగు పోర్టులు పడతాయి కాబట్టి 10000–10199 తెరిస్తే ఒకేసారి 50 కాల్స్‌కు సరిపోతుంది. మాటను డేటాగా మార్చే జీ.711 కోడెక్‌లో ఒక్కో ఫోన్‌కు ఒక్కో దిశలో సుమారు 87 కేబీపీఎస్ కావాలి. ఇంటి లైన్‌లో ముందుగా నిండేది అప్‌లోడే.

ఇంకా మాట రాకపోతే ఆస్టరిస్క్ కన్సోల్‌లో 'ఆర్‌టీపీ సెట్ డీబగ్ ఆన్' కొట్టండి. 'సెంట్' లైన్లే వచ్చి 'గాట్' లేకపోతే పోర్టులు మూసి ఉన్నాయి. మాట 192.168 అడ్రస్‌కు పోతూనే ఉంటే ఆర్‌టీపీ సిమెట్రిక్ మరిచారు.

కాల్ సరిగ్గా 32 సెకన్లకు తెగుతోందా? సర్వర్ పంపిన '200 ఓకే' (కాల్ ఎత్తారన్న సందేశం)కు ఫోన్ నుంచి 'యాక్' (అందిందన్న జవాబు) తిరిగి రావడం లేదు. ముందు రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ ఆపండి. సాయం చేస్తానంటూ అడ్రస్‌లు చెడగొట్టే ఫీచర్ అది.

5060 తెరిచిన కాసేపటికే స్కానర్లు 100, 1001 లాంటి నంబర్లను తడతాయి. 1001కి 1001 అనే పాస్‌వర్డ్ పెట్టడమంటే తాళంచెవి గుమ్మానికే వేలాడదీయడం. పదేపదే తప్పుడు లాగిన్లు చేసే ఐపీలను అడ్డుకునే ఫెయిల్‌2బ్యాన్ పెట్టండి. అయితే లాగర్ ఫైల్‌లోని మెసేజెస్ లైన్‌కు 'సెక్యూరిటీ' చేర్చకపోతే కొన్ని తప్పుడు లాగిన్లు దాని కంటపడకపోవచ్చు.