తొడుగు గొట్టం ముందే చిట్లిందా? అంకె కంటే ముందు గొట్టాన్ని చూడండి

కల్పాక్కంలోని 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్‌లో (వేగంగా కదిలే న్యూట్రాన్లతో నడిచే అణు రియాక్టర్) ఇంధన బిళ్లలకు తొడుగు డీ9 అనే స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం. ఈ గొట్టాలు తయారయ్యేది మన హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో. వ్యాసం 6.6 మిల్లీమీటర్లు, గోడ మందం 0.45 మాత్రమే. లోపల వాయువు నెడుతుంటుంది, బయట ద్రవ సోడియం పారుతుంటుంది, గోడ వేడి 700 డిగ్రీల దరిదాపుల్లోకి పోతుంది. ల్యాబ్‌లో ఇలాంటి గొట్టంలోకి ఆర్గాన్ ఎక్కించి, వేడిచేసి పరీక్షిస్తాం. అది అనుకున్న టైముకంటే ముందే చిట్లితే టెన్షన్ పడి స్టీలును తప్పుపట్టకండి.

సమస్య: బుడగలా ఉబ్బి చిట్లింది

ముందుగా అనుమానించాల్సింది వేడిని కొలిచే తీగ, అంటే థర్మోకపుల్‌ని. ఇంత వేడిలో పది ఇరవై డిగ్రీల తేడా చాలు, గొట్టం ఆయుష్షు బాగా పడిపోతుంది. థర్మోకపుల్ కొన గోడకు ఆనకుండా ఫర్నేస్ గాలిని కొలుస్తుంటే మీ దగ్గరున్న లెక్కే తప్పు. పైన, మధ్యలో, కింద మూడుచోట్ల సన్నని తీగతో కట్టండి. వెల్డు పెట్టాలనిపిస్తుంది, కానీ ఇంత పల్చని గోడకు ఆ చుక్కే గాయం. సరిగ్గా అక్కడే చీలితే ఆ ఫలితాన్ని పక్కన పెట్టాలి.

వేడి సరిగానే ఉందా? అయితే కోల్డ్ వర్క్ చూడండి. అంటే వేడిచేయకుండా చల్లగానే దాదాపు 20 శాతం సాగదీయడం; ఈ గొట్టానికి బలం దానివల్లే వచ్చింది. అతివేడిలో ఎక్కువసేపు ఉంచితే ఆ బలం కరిగిపోతుంది. వాడిన ముక్కనీ కొత్త ముక్కనీ పక్కపక్కన పెట్టి గట్టిదనం కొలిస్తే తెలిసిపోతుంది.

సమస్య: ఉబ్బకుండా సన్నగా పగిలింది

కొత్త గొట్టమైతే దాని మీద గీత పడిందేమో వెతకండి. రియాక్టర్‌లో ఉండి వచ్చినదైతే మొదటి అనుమానం హీలియం. స్టీలులోని బోరాన్, నికెల్ న్యూట్రాన్లను మింగి దాన్ని పుట్టిస్తాయి, అది స్టీలు రేణువుల సరిహద్దుల్లో చేరుతుంది. పాడైన గొట్టాన్ని బాగుచేయలేం. బోరాన్ తగ్గించి, హీలియాన్ని పట్టి ఉంచే టైటానియం కార్బైడ్ కణాలు ఏర్పడేలా స్టీలునే ముందుగా తయారుచేయాలి.

సమస్య: పగల్లేదు, గొట్టమే లావెక్కింది

రియాక్టర్‌లో న్యూట్రాన్ల దెబ్బకు స్టీలు లోపల సూక్ష్మమైన ఖాళీలు ఏర్పడ్డాయి. అణువుల అమరిక వేరుగా ఉండే ఫెరిటిక్ రకం స్టీళ్లు ఇలా ఉబ్బడం తక్కువే కానీ 600 డిగ్రీలు దాటితే నీరసిస్తాయి. అందుకే వాటిలో నానో సైజు యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) కణాలు కలుపుతారు. అలాంటి గొట్టానికి మామూలు వెల్డుతో మూత పెట్టకండి. లోహం కరిగిన చోట ఆ కణాలు గుంపుగా చేరి బలం పోతుంది. కరగనివ్వకుండా ఒత్తిడితోనే అతికించాలి.